రెండేళ్లలో నాలుగుసార్లు గ్యాస్ పోసిన ఏసీ: విజయనగరంలో ఒక పని డైరీ

మెషిన్ సంగతి

విజయనగరం గంటస్తంభం దగ్గర ఒక బట్టల దుకాణంలో, మొదటి అంతస్తులోని చీరల విభాగాన్ని చల్లబరిచే 11 టన్నుల డక్టబుల్ స్ప్లిట్ ఏసీ (డక్టుల ద్వారా చల్లగాలిని పంపేది) ఇది. ఇండోర్ యూనిట్ ఫాల్స్ సీలింగ్ పైన ఉంది. అవుట్‌డోర్ యూనిట్లు రెండు, మేడ మీద ఉన్నాయి. ఒక్కొక్కటి 5.5 టన్నుల విడి సర్క్యూట్ (గ్యాస్ తిరిగే వేరే దారి), రెండింటిలోనూ ఆర్-410ఏ గ్యాసే. ఫిర్యాదు రెండో సర్క్యూట్ మీద వచ్చింది. షావుకారు గారు దాచి ఉంచిన పాత రశీదులు చూస్తే, రెండేళ్లలో నాలుగుసార్లు ఈ ఒక్క సర్క్యూట్‌కే వేర్వేరు మెకానిక్‌లు 1.5, 2, 2, 2 కిలోల చొప్పున మొత్తం 7.5 కిలోల గ్యాస్ పోశారు. ఇందులో నిండుగా పట్టేదే ఐదు కిలోల పైచిలుకు. స్కూటర్లో పెట్రోలు ఖర్చయినట్టు ఏసీలో గ్యాస్ ఖర్చవదు. తగ్గిందంటే ఎక్కడో చిల్లు ఉన్నట్టే. నాలుగు రశీదుల్లో ఒక్కదాని మీద కూడా లీకు వెతికినట్టు రాసి లేదు.

ఈ పని మే 6న మొదలుపెట్టాను. ఒత్తిళ్లన్నీ గేజ్ మీద కనిపించే పీఎస్ఐలో (చదరపు అంగుళానికి పౌండ్లు), ఉష్ణోగ్రతలన్నీ సెల్సియస్‌లో రాస్తున్నాను.

మొదటి దశ: చెయ్యి పెట్టక ముందు కొలతలు (మే 6)

రెండు సర్క్యూట్లు ఉన్న మెషిన్‌లో ఒక సౌకర్యం ఉంది. బాగున్న సర్క్యూట్‌ను పక్కన పెట్టుకుని, చెడినదాన్ని దానితో పోల్చుకోవచ్చు. మధ్యాహ్నం రెండింటికి మేడ మీద నీడలో 35 డిగ్రీలు ఉన్నప్పుడు, రెండూ 20 నిమిషాలు నడిచాక తీసిన అంకెలివి.

ఒకటో సర్క్యూట్: సక్షన్ (కంప్రెసర్‌లోకి వచ్చే గ్యాస్ ఒత్తిడి) 125, అంటే లోపల గ్యాస్ మరుగుతున్నది 6 డిగ్రీల దగ్గర. సక్షన్ పైపు 12 డిగ్రీలు, కాబట్టి సూపర్‌హీట్ (మరిగే ఉష్ణోగ్రత కంటే పైపు ఎన్ని డిగ్రీలు వేడిగా ఉందో ఆ తేడా) 6. డిశ్చార్జి (కంప్రెసర్ నుంచి బయటికి పోయే గ్యాస్ ఒత్తిడి) 391, అంటే గ్యాస్ ద్రవమవుతున్నది 46 డిగ్రీల దగ్గర. లిక్విడ్ పైపు 41, కాబట్టి సబ్‌కూలింగ్ (ద్రవమయ్యాక ఇంకా ఎన్ని డిగ్రీలు చల్లబడిందో ఆ తేడా) 5. కరెంటు ఫేజుకు 9.7 ఆంపియర్లు.

రెండో సర్క్యూట్: సక్షన్ 74, అంటే సున్నాకు 8 డిగ్రీలు దిగువన. సక్షన్ పైపు 19, సూపర్‌హీట్ 27. డిశ్చార్జి 318, అంటే 38 డిగ్రీలు. లిక్విడ్ పైపు 37, సబ్‌కూలింగ్ ఒక్క డిగ్రీ. కరెంటు 6.8 ఆంపియర్లు.

సక్షన్ ఒత్తిడి ఒక్కటే చూసి గ్యాస్ తక్కువని తేల్చకూడదు. ఫిల్టర్ మూసుకుపోయి కాయిల్ మీద గాలి ఆడకపోయినా సక్షన్ పడిపోతుంది. అయితే అప్పుడు సూపర్‌హీట్ కూడా తగ్గుతుంది. ఇక్కడ సూపర్‌హీట్ 27 దాకా పోయి, సబ్‌కూలింగ్ దాదాపు లేకుండా పోయింది. ఈ రెండూ కలిసి కనిపించినప్పుడు గ్యాస్ తక్కువని నమ్మవచ్చు. ఎందుకైనా మంచిదని ఫిల్టర్లు విప్పి చూశాము. చీరల మడతల నుంచి రాలిన నుసి దుప్పటిలా పేరుకుని ఉంది. కడిగి పెట్టినా రెండో సర్క్యూట్ అంకెలు పెద్దగా మారలేదు. గది నుంచి వెనక్కి వచ్చే గాలి 28 డిగ్రీలు, డక్టులోకి పోయే గాలి 21.5.

ఇప్పటిదాకా: పనిగంటలు 2, ఖర్చు సున్నా.

రెండో దశ: ఉన్న గ్యాస్ వెనక్కి తీయడం (మే 7 ఉదయం)

పిన్ వాల్వు (గేజ్ తగిలించే చోట ఉండే చిన్న వాల్వు) నొక్కి గ్యాస్ గాలిలోకి వదిలేయడం మన దగ్గర మామూలైపోయింది. ఆర్-410ఏ ఓజోన్ పొరను పాడుచేయదు గానీ భూమిని వేడెక్కించడంలో ఒక కిలో 2,088 కిలోల కార్బన్ డయాక్సైడుతో సమానం. నా దగ్గర రికవరీ మెషిన్ (గ్యాస్‌ను సిలిండర్‌లోకి లాగేది) లేదు కాబట్టి విశాఖపట్నం నుంచి రెండు రోజులకు అద్దెకు తెచ్చాను.

1. రికవరీ సిలిండర్ ఖాళీ బరువు తూచి రాసుకున్నాను.
2. సిలిండర్‌ను తూకం మీదే ఉంచి, దాని సామర్థ్యంలో 80 శాతం దాటకుండా చూసుకున్నాను.
3. సిస్టమ్ ఒత్తిడి సున్నాకు దిగాక పది నిమిషాలు ఆగాను. నూనెలో కరిగి ఉన్న గ్యాస్ బయటికి వచ్చి ఒత్తిడి మళ్లీ 18కి లేచింది. మరోసారి లాగాను.

వచ్చింది 2.15 కిలోలు. లేబుల్ ప్రకారం 5 మీటర్ల పైపు వరకు 4.2 కిలోలు పట్టాలి. ఇక్కడ పైపు 14 మీటర్లు. మిగిలిన 9 మీటర్లకు, అరంగుళం లిక్విడ్ పైపుకు తయారీదారు పట్టికలో ఇచ్చిన మీటరుకు 110 గ్రాముల లెక్కన 990 గ్రాములు కలిపితే, నిండు చార్జి 5.19 కిలోలు. అంటే సగం కంటే తక్కువ గ్యాస్‌తో మెషిన్ ఈడుస్తోందన్న మాట.

వెనక్కి తీసిన గ్యాస్‌ను మళ్లీ ఇందులో పోయలేదు. చిల్లున్న సిస్టమ్‌లో తిరిగిన గ్యాస్‌లో తేమ ఎంత చేరిందో చెప్పలేము.

ఇప్పటిదాకా: పనిగంటలు 4.5, ఖర్చు రూ. 2,000 (మెషిన్ అద్దె, తెచ్చిన ఖర్చు), బయటికి తీసిన గ్యాస్ 2.15 కిలోలు.

మూడో దశ: నైట్రోజన్ పరీక్ష, తొందరపడి సంతోషించడం (మే 7 సాయంత్రం)

గ్యాస్ తీయక ముందే ఎలక్ట్రానిక్ డిటెక్టర్‌తో ఒకసారి తిరిగాను. మేడ మీద రెండో అవుట్‌డోర్ లిక్విడ్ వాల్వు దగ్గర అది కూత పెట్టింది. చీరల గదిలో కూడా రెండు చోట్ల కూసింది గానీ, అవి గోడకు తగిలించిన సువాసన యంత్రాలని తర్వాత తెలిసింది. అందుకే డిటెక్టర్ చెప్పినది సబ్బు నురుగుతో ఖాయమయ్యేవరకు నేను లీకుగా రాసుకోను.

అప్పుడే లిక్విడ్ వాల్వు ఫ్లేర్ నట్ (పైపు అంచును గరాటులా వెడల్పు చేసి బిగించే నట్) మీద సబ్బు నీళ్లు వేస్తే బుడగలు వచ్చాయి. గ్యాస్ తీశాక విప్పి చూస్తే ఫ్లేర్ అంచున వెంట్రుకంత పగులు ఉంది. ఎవరో లీకు ఆపాలని నట్‌ను బలంకొద్దీ బిగించినట్టున్నారు. బిగించేకొద్దీ రాగి పలచబడి చిట్లుతుంది. ఆ ముక్క కోసేసి, కొత్త ఫ్లేర్ తీసి, దాని వెనక వైపు ఒక్క చుక్క నూనె రాసి, టార్క్ రెంచితో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపేది) బిగించాను.

తర్వాత ఇంకా లీకులున్నాయేమో చూడటానికి నైట్రోజన్ ఎక్కించాము. ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పాలి. నైట్రోజన్ దొరకలేదని ఆక్సిజన్ ఎక్కించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కంప్రెసర్ నూనె, ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్ కలిస్తే పేలుడే. రెగ్యులేటర్ లేకుండా నైట్రోజన్ సిలిండర్‌ను నేరుగా తగిలించడం కూడా అంతే ప్రమాదం.

1. 50 దాకా ఎక్కించి ఐదు నిమిషాలు ఆగడం. పెద్ద లీకుంటే చెవికే తెలుస్తుంది.
2. 150 దాకా ఎక్కించి అతుకులన్నిటికీ సబ్బు పట్టించడం.
3. ఈ మెషిన్ లేబుల్ అనుమతించిన 350కి ఎక్కించి, నైట్రోజన్ సిలిండర్ విప్పేసి, రాత్రంతా వదిలేయడం. మీ మెషిన్‌కు మీ లేబుల్ చూసుకోవాలి.

సాయంత్రం ఆరింటికి ఒత్తిడి 350, పైపు ఉష్ణోగ్రత 34. పగిలిన ఫ్లేర్ దొరికింది కదా, పని సగం అయిపోయిందనుకుని ఇంటికి వెళ్లాను.

మే 8 ఉదయం ఆరింటికి గేజ్ 331 చూపించింది. పైపు 27 డిగ్రీలు. "రాత్రి చల్లబడింది కదా గురువుగారూ, అందుకే దిగుంటుంది" అన్నాడు మా కుర్రాడు. ఆ మాటలో నిజం ఉంది, కానీ ఎంత నిజమో లెక్క కట్టాలి. గేజ్ అంకెకు గాలి ఒత్తిడి 14.7 కలపాలి, డిగ్రీలకు 273 కలపాలి, అప్పుడు నిష్పత్తి వేయాలి. 364.7ను 300తో హెచ్చవేసి 307తో భాగిస్తే 356.4 వస్తుంది. అందులోంచి 14.7 తీసేస్తే సుమారు 342. చలి వల్ల దిగాల్సింది 8, దిగింది 19. మిగిలిన 11 పీఎస్ఐ చిల్లులోంచే పోయింది.

ఈ లెక్క వేయకుండా "చల్లబడింది" అనేసి గ్యాస్ నింపి ఉంటే, నాదీ ఐదో రశీదు అయ్యేది. సూది గేజ్ మీద గీతకూ గీతకూ మధ్య 10 పీఎస్ఐ ఉంటుంది కాబట్టి ఇలాంటి పరీక్షకు డిజిటల్ గేజ్ తప్పనిసరి.

ఇప్పటిదాకా: పనిగంటలు 9.5, ఖర్చు రూ. 2,900 (నైట్రోజన్‌తో), దొరికిన లీకులు 1, మిగిలినవి కనీసం 1.

నాలుగో దశ: చిల్లు ఎక్కడ (మే 8)

సిస్టమ్ మొత్తానికి సబ్బు పట్టిస్తూ పోతే రోజు గడిచిపోతుంది. అందుకని ముందు దాన్ని రెండు ముక్కలుగా విడగొట్టాను. మళ్లీ 350 చేసి, అవుట్‌డోర్ సర్వీసు వాల్వులు రెండూ అలెన్ కీతో మూసేస్తే కండెన్సర్ (వేడిని బయటికి వదిలే కాయిల్), కంప్రెసర్ ఒక వైపు, పైపులు, ఇండోర్ కాయిల్ ఇంకో వైపు ఉంటాయి. వాల్వు మూసినప్పుడు గేజ్ పైపుల వైపు ఒత్తిడినే చూపిస్తుంది. నాలుగు గంటల్లో పైపుల వైపు 4 పీఎస్ఐ దిగింది. తర్వాత వాల్వులు తెరవగానే గేజ్ అంకె పైకి జరిగింది. అవుట్‌డోర్ వైపు ఒత్తిడి నిలిచి ఉండబట్టే అది పైకి జరిగింది. కాబట్టి అవుట్‌డోర్ నిర్దోషి.

నా అనుమానమంతా ఇండోర్ కాయిల్ మీద పడింది, అక్కడే మూడు గంటలు పోగొట్టుకున్నాను. బ్లోయర్ తిరుగుతుంటే నురుగు నిలవదు కాబట్టి దుకాణం మధ్యాహ్న భోజనాలకు పలచబడిన వేళ దాన్ని ఆపి, ఫాల్స్ సీలింగ్‌లో బోర్లా పడుకుని, కాయిల్ యూ బెండులు (పైపు మలుపులు) ఒక్కొక్కటీ అద్దం పెట్టి చూశాను. ఒక్క బుడగ లేదు. కింద నుంచి షావుకారు గారు "మళ్లీ ఎక్కడికి ఎల్లిపోనాదండీ ఈ గ్యాసు?" అని రెండుసార్లు అడిగారు. సమాధానం నా దగ్గర లేదు.

తర్వాత ఉండాల్సిన వరుసలో ఆలోచించాను. గ్యాస్‌తోపాటు కాస్త నూనె కూడా తిరుగుతుంది కాబట్టి చిల్లున్న చోట నూనె మరక ఉండాలి. కాయిల్ మీద మరక లేదు. పైపులు 14 మీటర్ల పొడవునా నల్లటి నైట్రైల్ ఇన్సులేషన్ లోపల, దాని మీద టేపు చుట్టి ఉన్నాయి. మరక ఉన్నా పైకి కనిపించదు. చేత్తో ఒత్తుకుంటూ మేడ నుంచి కిందికి వచ్చాను. మెట్ల పక్క గోడలోంచి పైపు లోపలికి దూరే చోట ఇన్సులేషన్ మిగతా చోట్ల ఉన్నంత గట్టిగా లేదు. వేలు పెడితే నానిన రొట్టెలా దిగింది. బ్లేడుతో చీరితే లోపలి అంచు జిడ్డుగా, నల్లగా ఉంది.

గోడకు రంధ్రం కొట్టినవాళ్లు అందులో పీవీసీ స్లీవ్ వేయలేదు. గోడలోంచి పొడుచుకొచ్చిన కమ్మీ మొన ఒకటి సక్షన్ పైపుకు ఆనుకుని ఉంది. కంప్రెసర్ నడిచినప్పుడల్లా పైపు సన్నగా అదురుతుంది. ఆ అదురుకు కమ్మీ ఇన్సులేషన్‌ను తినేసి, రాగి మీద అడ్డంగా ఒక గాడి కోసింది. గాడి మధ్యలో సబ్బు వేశాక మొదట ఏమీ లేదు. అర నిమిషానికి, పాలు పొంగే ముందు గిన్నె అంచుకు చేరే నురుగులా తెల్లగా చిన్న ముద్ద ఒకటి కూడింది. తుడిచి మళ్లీ వేస్తే అక్కడే మళ్లీ కూడింది. కంటికి చిల్లు కనిపించలేదు.

ఇప్పటిదాకా: పనిగంటలు 15.5, ఖర్చు రూ. 2,900, దొరికిన లీకులు 2.

ఐదో దశ: అతుకు (మే 9)

గాడి మీదే రాడ్ కరిగించి పూడ్చేయడం సులువు. కానీ గాడి చుట్టూ రాగి పలచబడిపోయింది, పైగా కమ్మీ అక్కడే ఉంది. అందుకే రంధ్రాన్ని వెడల్పు చేసి, కమ్మీ మొన కోసేసి, చెడిన చోట ఎనిమిది అంగుళాల పైపు తీసేసి కొత్త ముక్క వేశాను.

1. నైట్రోజన్ పూర్తిగా వదిలాకే కట్టర్ పెట్టడం.
2. పైపు కోసిన మొన కిందికి వంచి రీమర్ తిప్పడం, రజను లోపల పడకుండా.
3. అతుకు వేసేంతసేపూ పైపులోంచి నైట్రోజన్ సన్నగా పారనివ్వడం, చెంప దగ్గర పెడితే తగిలీ తగలనట్టు ఉంటే చాలు.
4. కప్లింగ్‌ను చుట్టూ సమంగా వేడిచేసి, సిల్వర్ కలిసిన రాడ్‌ను మంటకు కాక పైపు వేడికి కరగనివ్వడం.

మూడో అడుగు ఎందుకో ఈ పైపే చూపించింది. పాత ముక్క కోసినప్పుడు కట్టర్ మీద నల్లటి పొలుసులు రాలాయి. మొదట ఏసీ బిగించినప్పుడు నైట్రోజన్ లేకుండా వెల్డింగ్ చేస్తే, లోపలి రాగి కాలి ఇలా పొలుసు కడుతుంది. అది తిరిగి తిరిగి ఎక్స్‌పాన్షన్ వాల్వు (ద్రవాన్ని ఇండోర్ కాయిల్‌లోకి సన్నగా వదిలేది) జల్లెడకు అడ్డుపడుతుంది. అందుకే ఫిల్టర్ డ్రయర్‌ను (చెత్తనూ తేమనూ పట్టేది) కూడా మార్చాను. కొత్త డ్రయర్ మూతలు మాత్రం అన్నిటికంటే చివర తీశాను, తెరిచి పెట్టిన ప్రతి నిమిషం అది గాలిలోని తేమ తాగుతుంది. మే నెలలో విజయనగరం గాలిలో తేమకు కరువుండదు. రంధ్రంలో స్లీవ్ వేసి, కొత్త ఇన్సులేషన్ తొడిగాము.

సాయంత్రం 33 డిగ్రీల దగ్గర 350 ఎక్కించి వదిలాను. మే 10 ఉదయం 27 డిగ్రీల దగ్గర లెక్క ప్రకారం 343 ఉండాలి. గేజ్ 343 చూపించింది.

ఇప్పటిదాకా: పనిగంటలు 19.5, ఖర్చు రూ. 5,100 (పైపు, కప్లింగులు, రాడ్లు, డ్రయర్, ఇన్సులేషన్ కలిపి రూ. 2,200).

ఆరో దశ: దిగని వ్యాక్యూమ్ (మే 10)

కొత్త గ్యాస్ పోసే ముందు పైపుల్లోని గాలినీ తేమనూ పంపుతో లాగేయాలి, అదే వ్యాక్యూమ్. మామూలు సూది గేజ్‌లో ముల్లు కింద 30 అంగుళాల దగ్గరికి రాగానే వ్యాక్యూమ్ అయిపోయిందని చాలామంది అనుకుంటారు. గాలి ఒత్తిడి మొత్తం 7,60,000 మైక్రాన్లు (మైక్రాన్ అంటే పాదరసం మట్టంలో మిల్లీమీటరులో వెయ్యో వంతు). 5,000 మైక్రాన్లకూ 500 మైక్రాన్లకూ మధ్య తేడా ఆ ముల్లు మీద అంగుళంలో ఐదో వంతు కూడా ఉండదు. 27 డిగ్రీల దగ్గర నీరు మరగాలంటే ఒత్తిడి సుమారు 27,000 మైక్రాన్లకు దిగాలి. తేమంతా ఆవిరై బయటికి రావాలంటే అంతకంటే చాలా కిందికి, 500 లోపలికి పోవాలి. ఆర్-410ఏ మెషిన్లలో వాడే నూనె తేమను గట్టిగా పట్టుకుంటుంది, కాబట్టి ఇక్కడ సర్దుకుపోవడం కుదరదు. మైక్రాన్ గేజ్‌ను పంపు దగ్గర కాకుండా, సిస్టమ్ దగ్గర దూరపు పోర్టుకు తగిలించాను. పంపు దగ్గర పెడితే పంపు గొప్పే కనిపిస్తుంది.

నలభై నిమిషాలకు 2,400. గంటంపావుకు 1,900. అక్కడ ఆగిపోయింది. మళ్లీ లీకా అని గుండె జారింది, కానీ రాత్రంతా 343 నిలిచిన సిస్టమ్‌ను అనుమానించే ముందు నా సామాను పరీక్షించుకోవాలి.

మొదట పంపు ఒక్కదాన్నే, సిస్టమ్ విప్పేసి, మైక్రాన్ గేజ్‌కు తగిలించి నడిపాను. 900 కంటే దిగలేదు. చూపుడు గాజులో నూనె పలచటి మజ్జిగ రంగులో ఉంది. క్రితం పనిలో లాగిన తేమంతా అందులోనే ఉంది. మార్చాల్సింది, మార్చలేదు, తప్పు నాదే. కొత్త నూనె పోసి నడిపితే పంపు 60కి దిగింది.

సిస్టమ్‌కు తగిలిస్తే గంటకు 1,150. రెండో అడ్డంకి సన్నటి చార్జింగ్ లైన్లు. పావంగుళం గొట్టంలోంచి, అందులోనూ పిన్ వాల్వు నడుమ నుంచి ఇంత పెద్ద సిస్టమ్‌ను లాగడమంటే స్ట్రాతో బావి తోడడమే. పిన్ తీసే పరికరంతో పిన్నులు రెండూ బయటికి లాగి, మూడెనిమిదో వంతు అంగుళం గొట్టం వేశాను. నలభై నిమిషాల్లో 420కి వచ్చింది.

అంతలో కరెంటు పోయింది. పంపు ఆగిన మరుక్షణం దాని ముందున్న వాల్వు మూయకపోతే పంపు నూనె వెనక్కి సిస్టమ్‌లోకి పోతుంది. మా కుర్రాడు పక్కనే కూర్చుని ఉన్నాడు కాబట్టి సరిపోయింది. కరెంటు వచ్చేవరకు ఊరికే కూర్చోకుండా అదే నిలుపు పరీక్షగా వాడుకున్నాము. 10 నిమిషాలకు 610, 15 నిమిషాలకు 640, 25 నిమిషాలకు కూడా 640. చిల్లుంటే అంకె ఎక్కుతూనే పోతుంది. ఎక్కి ఒకచోట ఆగితే అది మిగిలిన తేమ. కరెంటు వచ్చాక కాస్త నైట్రోజన్ వదిలి వ్యాక్యూమ్ విరగ్గొట్టి, మళ్లీ లాగితే 280 వచ్చింది. వాల్వు మూసి 20 నిమిషాలు చూస్తే 390 దగ్గర నిలిచింది. చాలు.

కంప్రెసర్ నూనెను వెచ్చగా ఉంచే క్రాంక్‌కేస్ హీటర్‌కు కరెంటు ఇచ్చి, రాత్రంతా అలాగే ఉంచాము. కంప్రెసర్ స్టార్ట్ కాకుండా దాని కంట్రోల్ వైరు విప్పి పెట్టాము.

ఇప్పటిదాకా: పనిగంటలు 25.5, ఖర్చు రూ. 5,700 (పంపు నూనెతో).

ఏడో దశ: తూకం (మే 11)

ఆర్-410ఏలో ఆర్-32, ఆర్-125 బరువులో చెరి సగం ఉంటాయి. ఆవిరిగా తీస్తే ఆ పాలు కొద్దిగా మారే వీలుంది కాబట్టి ద్రవంగానే తీయాలి. అందుకు లోపల గొట్టం లేని సిలిండర్‌ను తలకిందులు చేయాలి.

1. కంప్రెసర్ ఆపి ఉంచి, వ్యాక్యూమ్‌లో ఉన్న లిక్విడ్ వైపు నుంచి ఎంత పోతే అంత పోయనివ్వడం.
2. ఒత్తిళ్లు సమానమై గ్యాస్ ఆగిపోయాక మెషిన్ నడిపి, మిగిలినది సక్షన్ వైపు నుంచి కొంచెం కొంచెంగా, వాల్వు సన్నగా తెరిచి ఇవ్వడం. ద్రవం ఒక్కసారిగా పోతే కంప్రెసర్ దెబ్బతింటుంది.
3. ప్రతి విడత తర్వాత సిలిండర్ వాల్వు మూసి బరువు రాయడం.

మొదటి విడతలో తూకం 3.26 చూపించింది. గొట్టం కాస్త సర్దగానే 3.38 అయ్యింది. గొట్టం బిగువుగా ఉండి సిలిండర్‌ను కిందికి లాగుతోంది. దానికి తోడు మేడ మీద గాలికి చివరి అంకెలు ఆడుతున్నాయి. తూకాన్ని నీళ్ల ట్యాంకు చాటుకు జరిపి, గొట్టాన్ని ఒక కర్రకు వేలాడదీసి, బరువు సిలిండర్‌ది మాత్రమే పడేలా చేశాక 3.38 దగ్గర కదలకుండా నిలిచింది. 120 గ్రాములంటే ఒక మీటరు పైపుకు పట్టే గ్యాస్ కంటే ఎక్కువ.

తర్వాతి విడతలు 0.90, 0.50, 0.41. మొత్తం 5.19 కిలోలు.

ఇప్పటిదాకా: పనిగంటలు 28, ఖర్చు రూ. 9,852 (గ్యాస్ నాకు కిలో రూ. 800 పడింది), లోపలికి పోసిన గ్యాస్ 5.19 కిలోలు.

ఎనిమిదో దశ: గ్యాస్ ఎక్కువైందా? (మే 11 మధ్యాహ్నం)

అరగంట నడిపాక డిశ్చార్జి 452 చూపించింది, అంటే 52 డిగ్రీలు. కరెంటు 11.6. బయట 36. ఒకటో సర్క్యూట్ అదే సమయానికి 395 దగ్గర ఉంది. మా కుర్రాడు చార్జింగ్ లైను అందుకుని "కొంచెం వదిలేద్దామా?" అన్నాడు.

గ్యాస్ ఎక్కువైతే ద్రవం కండెన్సర్‌లో పేరుకుని సబ్‌కూలింగ్ పెరగాలి. కొలిస్తే లిక్విడ్ పైపు 46, సబ్‌కూలింగ్ 6 మాత్రమే. గ్యాస్ సరిగ్గానే ఉంది, వేడి బయటికి పోవడం లేదు. కాయిల్ పైకి శుభ్రంగానే ఉంది, ఎవరో అప్పుడప్పుడు నీళ్లు కొట్టినట్టున్నారు. పై మూత విప్పి లోపలి నుంచి టార్చి వేస్తే, రెండు వరుసల కాయిల్ మధ్యలో దూది పరుపు పరిచినట్టు ఉంది. మేడ మీదే జాకెట్లు సరిచేసే దర్జీ రేకుల షెడ్డు ఉంది. అక్కడి నూలు పీచు, ఫ్యాను పీల్పుకు వచ్చి, మొదటి వరుస దాటి రెండో వరుస దగ్గర చిక్కుకుంటోంది. బయటి నుంచి నీళ్లు కొట్టినవాళ్లు దాన్ని ఇంకా లోపలికి నెట్టారు. గ్యాస్ సగమే ఉన్నన్నాళ్లూ ఈ లోపం బయటపడలేదు. తక్కువ గ్యాస్, మురికి కాయిల్ ఒకదాని తప్పు ఒకటి కప్పుకున్నాయి. మొదటి దశలోనే మూత విప్పి చూసి ఉంటే ఒక పూట కలిసివచ్చేది.

ఐసోలేటర్ (మెషిన్ కరెంటు స్విచ్చి) దించి, మోటారుకు ప్లాస్టిక్ సంచి కట్టి, వరుసల మధ్య బ్రష్షు దూర్చి, లోపలి నుంచి బయటికి మెల్లటి ధారతో కడిగాము. బకెట్టులో సగానికి తడి పీచు వచ్చింది. వంగిన రెక్కలను దువ్వెనతో సరిచేశాము.

మళ్లీ నడిపాక: డిశ్చార్జి 398 (47 డిగ్రీలు), లిక్విడ్ పైపు 41, సబ్‌కూలింగ్ 6. సక్షన్ 125, పైపు 13, సూపర్‌హీట్ 7. కరెంటు 9.8. గది గాలి 25.5, డక్టులోకి పోయేది 13.5.

ఇప్పటిదాకా: పనిగంటలు 31, ఖర్చు రూ. 9,852, వదిలేసిన గ్యాస్ సున్నా.

తర్వాతి తనిఖీలు

మే 18, జూన్ 8 తేదీల్లో వెళ్లినప్పుడు గేజ్‌లు తగిలించలేదు. తగిలించిన ప్రతిసారీ గొట్టాల్లో కాస్త గ్యాస్ పోతుంది, పిన్ వాల్వు కారడం మొదలుపెట్టే అవకాశం కూడా ఉంది. పైపుల ఉష్ణోగ్రతలు, టాంగ్ టెస్టర్‌తో కరెంటు, లోపలి గాలి తేడా మాత్రం చూశాను. మూడూ మే 11 నాటి అంకెలకు ఒక డిగ్రీ, పావు ఆంపియర్ అటూఇటూగా ఉన్నాయి. 5.19 కిలోలు, పైపు 14 మీటర్లు, పోసిన తేదీ రాసిన కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, అవుట్‌డోర్ ప్యానెల్ లోపలి వైపు అంటించాను. రేపు ఎవరు వచ్చినా తూకం నుంచి మొదలుపెట్టవచ్చు.

జూన్ 8న ఇంకొక తప్పు బయటపడింది. ఒకటో సర్క్యూట్ సక్షన్ పైపు కూడా అదే గోడలో, ఆ రంధ్రం పక్కనుంచే పోతోంది. మే 9న సుత్తి, కట్టర్ అన్నీ చేతిలో ఉన్న రోజున దాన్ని విప్పి చూడాలన్న ఆలోచన నాకు రాలేదు. ఈసారి ఇన్సులేషన్ చీరి చూస్తే రాగి మీద మెరిసే గీత ఒకటి కనిపించింది, గోటికి తగిలీ తగలనంత లోతు. సబ్బు వేస్తే నురుగు రాలేదు. ఆ పైపుకు ఆనుకున్న సిమెంటు పెళ్లను చెక్కేసి, స్లీవ్‌ను నిలువునా చీల్చి తొడిగి, గీత ఉన్న చోటును గోడకు బయటి వైపు టేపు మీద గుర్తు పెట్టాను. వచ్చే నెల వెళ్లినప్పుడు ముందు అక్కడే సబ్బు వేయాలి.